అయిష్టమా, అనిష్టమా?

సందేహం: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. తెలుగు వ్యాసంలో 'అయిష్టంగా ఒప్పుకున్నాడు' అని రాస్తే టీచరు ఎర్రసిరాతో కొట్టేసి 'అనిష్టంగా' అని దిద్దారు. ఏది సరైనది? ఈ అర్థానికి అచ్చతెలుగు మాటే లేదా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాదు

సమాధానం: సంస్కృత వ్యాకరణం ప్రకారం టీచరుగారిదే ఒప్పు. అచ్చుకు ముందు నిషేధార్థకం 'అన్' అవుతుంది: అనుచితం, అనవసరం, అనాసక్తి. ఆ దారిలో అనిష్టమే రావాలి. 'అయిష్టం' మనవాళ్లు యడాగమం (రెండు అచ్చుల నడుమ వచ్చే 'య') చేర్చి చేసుకున్న రూపం. అయితే వాడుకలో ఈ రెండూ ఏనాడో వేరుపడ్డాయి. 'అనిష్టం జరిగింది' అంటే కీడు జరిగిందని. మనసొప్పకపోవడం అయిష్టం. 'అనిష్టంగా ఒప్పుకున్నాడు' అంటే నా చెవికి ఏదో అపశకునం పలికినట్టుంటుంది. కాబట్టి అయిష్టాన్ని కొట్టేయడానికి నాకు చేయి రాదు. గ్రాంథికంలో రాసేవారు దాన్ని ఒప్పుకోకపోవచ్చు, అది వారి పట్టింపు.

ఇక అచ్చతెలుగు మాట లేకేం, నిక్షేపంలా ఉంది: ఒల్లమి. 'ఒల్లు' అంటే ఇష్టపడు, సమ్మతించు. లేమి, ఓర్వమి మాటల్లో ఉన్న 'మి' దీనికి చేరింది. ఈ క్రియ ఎక్కువగా వ్యతిరేకంలోనే కనిపిస్తుంది: ఒల్లను, ఒల్లడు, ఒల్లక. 'ఒల్లని సతి నొల్లని పతి నొల్లని చెలికాని' అంటూ సుమతీ శతకకారుడు ఒక్క ఊపులో మూడుసార్లు వాడాడు. కన్నడంలోనూ ఇంతే. ఉత్తర కర్ణాటకలో ఈనాటికీ 'నా ఒల్లె' అంటారు. ప్రేమకు వాళ్లు చెప్పే 'ఒలవు' కూడా ఈ కుదుటిదేనని నా అభిప్రాయం.

ఈ మాట బలమెంతో తెలియాలంటే బమ్మెర పోతన దగ్గరికే వెళ్లాలి. భాగవతం అష్టమ స్కంధంలో బలిచక్రవర్తి వామనుడి ముందు ఎన్ని పరిచాడు! 'వరచేలంబులొ, మాడలో, ఫలములో, వన్యంబులో, గోవులో, హరులో, రత్నములో, రథంబులొ...' అంటూ ఏనుగులు, బంగారం, ఊళ్లు, భూముల దాకా మత్తేభ పద్యం నిండా దానాలే. దానికి ఆ పొట్టి వటువు జవాబు చిన్న ఆటవెలది:

ఒంటివాడ నాకు నొకటి రెండడుగుల
మేర యిమ్ము, సొమ్ము మేర యొల్ల

'ఒల్లను'లోని 'ను' కూడా జారిపోయి రెండక్షరాలే మిగిలాయి. అంత పెద్ద జాబితా ఆ 'ఒల్ల' ముందు వెలవెలబోయింది. అక్కడ 'వలదు' అంటే వస్తువు అక్కర్లేదని మాత్రమే తెలిసేది. 'ఒల్ల' అనడంతో అడిగేవాడి మనసు కూడా తెలిసింది. వచ్చినవాడు మామూలు యాచకుడు కాడని బలికి అప్పుడే తట్టాల్సింది!

ఇంతటి మాటను అటకెక్కించి, టీవీ స్క్రోలింగుల్లో 'విముఖత వ్యక్తం చేశారు' అని రాస్తున్నారు. 'ఒల్లనన్నారు' అంటే సరిపోదూ? 'ఇంట్రెస్ట్ లేదు' అనడం ఇంకా అన్యాయం. ఆసక్తి లేనివాడు బలవంతం చేస్తే వస్తాడేమో, ఒల్లనివాడు రాడు.

విముఖత, వైముఖ్యం రెండూ మొహం తిప్పుకోవడం నుంచి వచ్చినవే. 'ససేమిరా' అనేది ఒల్లమికి మించిన మొండి నిరాకరణ. సింహాసన ద్వాత్రింశిక కథల్లో మిత్రద్రోహం చేసి మతి చెడిన రాజకుమారుడు పలవరించిన నాలుగక్షరాలవి, నాలుగు శ్లోకాల మొదటి అక్షరాలు.