పద్మిని కారు స్టీల్ బీడింగ్ (అంచు పట్టీ) ఎండలో మసకగా ఉంటే

నీడలో మెరిసి, ఎండలోకి రాగానే మసకగా గీతలు కనబడుతున్నాయంటే తప్పు పాలిష్‌ది కాదు. 400 నంబర్ వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) గీతలు పోకుండానే బఫింగ్‌కి, అంటే తిరిగే వీల్‌తో మెరుగు పెట్టడానికి వెళ్లారు. బఫ్ వాటి అంచులు నునుపు చేస్తుందే గానీ గీతను తీసేయదు.

1. మళ్లీ 400తో మొదలుపెట్టి 600, 800, 1000 వరకు నీళ్లతో రుద్దండి.

2. అందరూ వదిలేసేది ఇదే: నంబర్ మారినప్పుడల్లా దిశ మార్చాలి. 400 పొడవునా రుద్దితే 600 అడ్డంగా. పాత దిశలో ఒక్క గీత మిగిలినా తర్వాతి పేపర్ ముట్టుకోవద్దు. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా కొట్టి చూడండి, ట్యూబ్‌లైట్ మోసం చేస్తుంది. పేపర్ మార్చేముందు బీడింగ్‌ని కడగండి. పాత రేణువు ఒక్కటి చాలు, పనంతా మొదటికొస్తుంది.

3. సైసల్ (గట్టి నార) వీల్‌తో స్టెయిన్‌లెస్ కాంపౌండ్ (వీల్‌కి పట్టించే పాలిష్ ముద్ద), ఆపై మెత్తని కాటన్ వీల్‌తో ఫినిషింగ్ కాంపౌండ్. ఒక వీల్‌కి ఒకటే కాంపౌండ్, కలపొద్దు.

బీడింగ్‌ని చెక్క పట్టీకి గట్టిగా బిగించండి. వీల్ బీడింగ్ కొస దాటి బయటికి తిరగాలి. కొసకి ఎదురు తిరిగితే లాక్కుని వంచేస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

వీల్స్ కోసం హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి.

క్రోమ్ పూత ఉన్న ముక్కలకి మాత్రం ఇదేదీ చేయకండి, పూత లేచిపోతుంది.