స్కాన్ చేస్తే వివరాలు వచ్చాయి, మరి మందు అసలుదేనా?

ప్రశ్న: మామయ్యగారు రోజూ బీపీ మాత్రలు వేసుకోవాలి. ఈసారి తెచ్చిన స్ట్రిప్ మీద అక్షరాలు కాస్త అలుక్కుపోయినట్టున్నాయి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు అన్నీ వచ్చాయి. మా మరిదేమో ‘కోడ్ పనిచేసింది కదా వదినా, ఇంకా టెన్షన్ ఎందుకు’ అంటున్నాడు. నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: కోడ్ ఒక్కదాన్నే చూసి నమ్మకండమ్మా. ముందు వేరే షాపులో కొత్త స్ట్రిప్ తీసుకోండి, బీపీ మందు ఒక్క పూట కూడా ఆగకూడదు.

డోలో, కాల్‌పాల్, అల్లెగ్రా లాంటి 300 బ్రాండ్ల మందులకు 2023 ఆగస్టు 1 నుంచి బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి చేశారు. అందులో మందు పేరు, తయారీదారు చిరునామా, బ్యాచ్, ఎక్స్‌పైరీ, లైసెన్స్ నంబరు ఉండాలి. అయితే ఈ వివరాలన్నీ ఒక బ్యాచ్‌లోని స్ట్రిప్పులన్నిటికీ ఒకటే కాబట్టి, నకిలీ చేసేవాడు ఒక్క అసలు స్ట్రిప్ కొని దాని మీది కోడ్‌ని అచ్చంగా అలాగే వేలకొద్దీ ముద్రించుకుంటే అవన్నీ శుభ్రంగా స్కాన్ అవుతాయి. యూరప్‌లోని చాలా దేశాల్లో 2019 ఫిబ్రవరి నుంచి ప్రిస్క్రిప్షన్ మందుల్లో దాదాపు ప్రతి ప్యాక్‌కీ వేరే నంబరు ఉంటోంది, షాపువాళ్లు అమ్మేటప్పుడు స్కాన్ చేయగానే డేటాబేస్‌లో ఆ నంబరు పని అయిపోతుంది, అదే నంబరుతో ఇంకో ప్యాక్ వస్తే పట్టుబడుతుంది. రోగి ప్రాణంతో ముడిపడిన వస్తువుకి మన దగ్గరా ఇది రావాల్సిందే.

మనవాళ్లు బంగారానికి ఆ పని చేశారు. చిక్‌పేటలో గొలుసు కొన్నారనుకోండి, దాని మీద భూతద్దం పెడితే గానీ కనిపించనంత చిన్నగా అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం ఆరుండే హెచ్‌యూఐడీ అనే హాల్‌మార్క్ గుర్తింపు నంబరు ఉంటుంది, అది ఆ ఒక్క నగకే సొంతం. హాల్‌మార్క్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే స్వచ్ఛతతో పాటు ఏ రకం నగో కూడా చూపిస్తుంది. చేతిలో గొలుసుంటే యాప్‌లో ఉంగరం అని వస్తే కొనకండి.

స్పేర్ పార్టుల మీద గీకి చూసే కోడ్ కూడా అంతే, మీరు మొదటిసారి కొట్టినప్పుడే ‘ఇంతకుముందే చెక్ చేశారు’ అని వస్తే అనుమానించాల్సిందే. స్కాన్ చేసినప్పుడు ఏ వెబ్‌సైట్ తెరుచుకుందో కూడా చూడండి, దొంగ కోడ్ దొంగ సైట్‌కే తీసుకెళ్లి ‘అసలైనదే’ అని చెప్పగలదు.

మీ స్ట్రిప్ మీద అచ్చయిన బ్యాచ్, తేదీలు స్కాన్‌లో వచ్చినవాటితో సరిపోయాయో లేదో చూసి, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోని నంబరుకి ఫోన్ చేసి చెప్పండి. స్ట్రిప్, బిల్లు పారేయకుండా రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకి ఫిర్యాదు చేయండి, మిగిలిన మాత్రలు వాళ్లకి పరీక్షకి పనికొస్తాయి.