సిస్టమ్ ఇమేజ్ రీస్టోర్ చేస్తే, ఆ ఇమేజ్ తీసిన తర్వాత దాచుకున్న ఫైళ్లు ఉంటాయా?

ఉండవు. ఇమేజ్ తీసిన తర్వాత సీ డ్రైవ్‌లో చేరినవన్నీ, ఫోటోలైనా ప్రోగ్రాములైనా, రీస్టోర్‌తో పోతాయి.

ఎందుకంటే ఇమేజ్ అంటే ఆ రోజున్న పార్టిషన్‌కు, అంటే సీ డ్రైవ్ లాంటి డిస్కు భాగానికి, పూర్తి నకలు. విండోస్, డ్రైవర్లు, సెట్టింగులు, మీ డాక్యుమెంట్లు అన్నీ అందులోనే ఉంటాయి. రీస్టోర్ పాతదానికీ కొత్తదానికీ పొత్తు కుదర్చదు. ఉన్నదాన్ని తుడిచేసి ఆ నకలును రాస్తుంది.

బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం చేసే ఒకాయన జనవరిలో ఇమేజ్ తీశాడనుకుందాం. మార్చిలో విండోస్ మొరాయించింది. రీస్టోర్ చేస్తే ల్యాప్‌టాప్ జనవరి నాటి స్థితికి వెళ్తుంది; ఫిబ్రవరిలో డెస్క్‌టాప్ మీద పెట్టిన రెజ్యూమే ఇక కనిపించదు. డీ డ్రైవ్ సంగతి వేరు, ఇమేజ్‌లో లేకపోతే మామూలుగా దాని జోలికి పోదు. కానీ విండోస్ రీస్టోర్‌లో డిస్కులను ఫార్మాట్ చేసి మళ్లీ విభజించే ఆప్షన్‌కు టిక్ ఉంటే అదీ పోతుంది. ఎక్కువమంది చూడకుండా దాటేసే టిక్ ఇదే! అందుకే ముందు లినక్స్ లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిచే పెన్‌డ్రైవ్) బూట్ చేసి కొత్త ఫైళ్లు బయటికి కాపీ చేసుకోవాలి. డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కావాలి, లేకపోతే డ్రైవ్ తెరుచుకోదు.

చాలామంది దీన్ని సిస్టమ్ రీస్టోర్‌తో కలిపేసుకుంటారు. అందులో రీస్టోర్ పాయింట్‌కు, అంటే విండోస్ ముందే గుర్తుపెట్టుకున్న స్థితికి, వెళ్తే సిస్టమ్ ఫైళ్లు, రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగులు దాచే చోటు), డ్రైవర్లు, ప్రోగ్రాములు మాత్రమే వెనక్కి వెళ్తాయి, సొంత డాక్యుమెంట్లు అలాగే ఉంటాయి. ఇంకో మాట: పాత ఫైలు ఒక్కటే కావాలంటే అసలు రీస్టోరే అక్కర్లేదు. విండోస్ ఇమేజ్‌లో డ్రైవ్ నకలు ఉండే వీహెచ్‌డీఎక్స్ ఫైలును మౌంట్ చేసి, అంటే మామూలు డ్రైవ్‌లా తెరిచి, ఆ పాత ఫైలును కాపీ చేసుకోవచ్చు.