లిలియం మొగ్గలు రాలుతుంటే ముందు వేరు చూడండి

సందేహం: షేడ్‌నెట్ కింద లిలియం దుంపలు నాటాను. వారం తిరగకుండానే మొలకలొచ్చాయి. కానీ మోకాలెత్తు కూడా పెరగకుండానే మొగ్గ తొడిగి, ఆ మొగ్గలు పసుపెక్కి రాలిపోతున్నాయి. రెండుసార్లు మందు కొట్టినా లాభం లేదు. ఈ దుంపలు మళ్లీ పనికొస్తాయా?

సలహా: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది తెగులు కాదు, వేడి దెబ్బ. మందు కొట్టడం ఆపేయండి. లిల్లీ అని పిలిచే నేలసంపెంగ ఎండకు తట్టుకుంటుంది. లిలియం అలా కాదు, దానికి రాత్రి 12–18 డిగ్రీలు, పగలు 25 లోపు ఉంటేనే సుఖం.

వారంలోనే మొలకలొచ్చాయని మీరు సంతోషించి ఉంటారు. నాకు అనుమానం వచ్చింది అక్కడే. ఒక మొక్కను మట్టితో సహా మెల్లగా తవ్వి తీసి, వేర్లు కడిగి చూడండి. దుంపకు పైన, మట్టిలో ఉన్న కాండం చుట్టూ తెల్లని వేర్లు గుత్తుగా ఉండాలి. మొక్కకు నీరు, పోషకాలు ఎక్కువగా అందించేవి అవే. దుంప అడుగున ఉండే వేర్లు మొదటి కొన్ని వారాలు మాత్రమే ఆదుకుంటాయి. నేల వేడెక్కితే మొలక తొందరపడుతుంది, కాండం వేర్లు వెనకబడతాయి. దుంపలో దాచుకున్న ఆహారంతోనే మొక్క లేచి, మొగ్గ దశకు వచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

అందుకే ఇప్పుడు ఆకు కన్నా నేలను చల్లబరచడం ముఖ్యం. మొక్కల మధ్య రెండంగుళాల మందాన ఎండుగడ్డి పరచండి. డ్రిప్‌తో తెల్లవారుజామునే నీళ్లివ్వండి, నిలవనివ్వొద్దు. రెండో నెట్ మిట్టమధ్యాహ్నం మాత్రమే కప్పండి. రోజంతా కప్పితే వెలుతురు చాలక కూడా మొగ్గ రాలుతుంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

వచ్చేసారి చలి మొదలయ్యాకే, 2–5 డిగ్రీల చల్లదనంలో 6–8 వారాలు ఉంచిన దుంపలే నాటండి. దుంప నెత్తిమీద 10–15 సెంటీమీటర్ల మట్టి ఉండాలి. పైపైన నాటితే కాండం వేర్లకు చోటుండదు. లిలియం రకాల్లో ఎల్ఏ హైబ్రిడ్లు (లాంగిఫ్లోరమ్, ఏషియాటిక్ లిల్లీల సంకరాలు) వేడికి కాస్త నయం, ఓరియంటల్ అనే రకాల జోలికి వెళ్లొద్దు.

ఇక పాత దుంపల సంగతి. మిగిలిన మొగ్గలు తుంచేసి, ఆకులు వాటంతట అవే పండేదాకా మొక్కను కదపకండి. దుంప మళ్లీ నిండేది అప్పుడే. తవ్వాక ఎండలో ఆరబెట్టకండి. ఉల్లిగడ్డకున్నట్టు దీనికి పైపొర ఉండదు, రెబ్బలు వాడిపోతాయి. చెమ్మగా ఉన్న కొబ్బరి పొట్టులో కలిపి, చిల్లులున్న కవర్లో పెట్టి అదే చల్లదనంలో దాచండి. పక్కన పండ్లు ఉంచొద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు దుంప లోపలి మొగ్గను చంపేస్తుంది. నిజం చెప్పాలంటే, ఈ పంట దుంపలు చిన్నవిగానే వస్తాయి, అమ్మకానికి తగిన పువ్వు వెంటనే ఆశించకండి.

తవ్వి చూసినప్పుడు వేర్లు గోధుమరంగులో మెత్తబడి ఉంటే మాత్రం అది కుళ్లు, దానికి చికిత్స వేరు. అలా ఉంటే ఫొటో పంపండి.