‘చదవలేదు’ అని చెప్పేయ్, తమ్ముడూ

తమ్ముడూ,

నీ మెయిల్ అందింది, దాంతో పంపిన కథ కూడా చదివాను. కథ సంగతి చివర్లో రాస్తా, ముందు నీ టెన్షన్ సంగతి చూద్దాం, ఎందుకంటే మెయిల్లో మూడొంతులు అదే ఉంది. బాగ్‌లింగంపల్లిలో సభ, పిల్లల కోసం రాసేవాళ్లందర్నీ వరసగా కూర్చోబెట్టి చిన్నప్పుడు బాగా ఇష్టపడిన పుస్తకం ఏదని మైకు చేతికిచ్చి అడిగారు, నీ వంతు వచ్చేసరికి చదవకుండానే ‘లిటిల్ ప్రిన్స్’ అనేశావు, పక్కనున్నావిడ ‘అందులో నక్క వచ్చే భాగం నాకు ప్రాణం, మీకో’ అంది, నువ్వు నవ్వి ఊరుకున్నావు. ఇంతే కదా. దీనికి నిద్ర మానుకుంటారా ఎవరైనా! ఆ వరసలో కూర్చున్నవాళ్లలో ఎంతమంది నిజం చెప్పారో నువ్వు అడగలేదు, అది వేరే సంగతి. ఇలాంటి సభల్లో ‘నన్ను ప్రభావితం చేసిన పుస్తకాలు’ అని ఎవరు మొదలుపెట్టినా అవే నాలుగైదు పేర్లు అదే వరసలో వస్తాయి. చిన్నప్పుడు ఎవరికి ఏ పుస్తకం దొరికితే అది చదువుకున్నవాళ్లం, ఇంతమందికి ఒకే జాబితా ఎలా వచ్చిందో ఆలోచించు.

డేవిడ్ లాడ్జ్ అని ఒక ఇంగ్లీషు రచయిత 1975లో ప్రొఫెసర్ల మీద ‘ఛేంజింగ్ ప్లేసెస్’ అనే నవల రాశాడు. అందులో వాళ్లు ఒక ఆట ఆడతారు. ప్రతివాళ్లూ తాము చదవని పుస్తకం ఒకటి చెప్పాలి, దాన్ని మిగతావాళ్లలో ఎంతమంది చదివి ఉంటే అన్ని పాయింట్లు. అంటే గెలవాలంటే పరువు వదులుకోవాలి. ఒకాయన పంతానికి పోయి ‘హామ్లెట్’ చదవలేదనేస్తాడు, ఆట గెలుస్తాడు, ఉద్యోగం పోతుంది. మనకి ఆ భయం కూడా లేదయ్యా. పీటర్ పాన్ చదవలేదని నిన్ను మాదాపూర్ ఆఫీసులోంచి ఎవరూ తీసెయ్యరు, పిల్లల కథలు రాస్తే వచ్చే డబ్బెంతో నీకూ తెలుసు.

నావి చెప్తాను, రాసుకో. ‘పీటర్ పాన్’ చదవలేదు. ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’ చదవలేదు, మా అమ్మాయి చదివి ఏడ్చింది, ఎందుకేడ్చిందో తనే చెప్పింది కాబట్టి కథ కొంత తెలుసు, అంతే. ‘ఆలిస్’ మొదలుపెట్టి ఆ పిచ్చి టీ పార్టీ దగ్గర వదిలేశాను, నాకది ఎక్కలేదు, ఇప్పుడు కూడా ఎక్కుతుందన్న నమ్మకం లేదు. ‘హ్యారీ పాటర్’ మొదటి పుస్తకంతో ఆపేశా. ఇక తెలుగు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ 1853 నాటి పుస్తకం, పిల్లల వాచకాల్లో ఇప్పటికీ దాని ముక్కలు తిరుగుతూనే ఉన్నాయి, నాకూ ఆ పాఠంగా వచ్చిన ముక్కే తెలుసు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు, అందులో నా చేతికి వచ్చింది ఒకటి, అదీ అట్ట లేని ప్రతి. ‘బుడుగు’ పెళ్లయ్యాక చదివాను. ఈ ఆఖరిది చెప్తే తెలుగు సభల్లో జనం నన్నొక రకంగా చూస్తారు.

‘బుడుగు’ అంత ఆలస్యం ఎందుకైందంటే కారణం ఉంది. ముళ్ళపూడి వెంకటరమణగారి బుడుగు మాట్లాడే భాష, ఆ ఇల్లు, ఆ బాబాయి, పక్కింటి పిన్నిగారు, అదంతా కోస్తా మధ్యతరగతి ఇల్లు. నల్లకుంటలో మా వాడకట్టులో పిల్లలం అలా మాట్లాడేవాళ్లం కాదు. ఎవరో పుస్తకం ఇచ్చారు, రెండు పేజీలు చూసి పక్కనపెట్టాను, నన్ను పిలవని పెళ్లికి వెళ్లినట్టు అనిపించింది. తర్వాత పెద్దయ్యాక, ఆ భాష చెవికి అలవాటయ్యాక, బాపు బొమ్మలు చూసుకుంటూ చదివి పడీపడీ నవ్వాను. పుస్తకం గొప్పదే. కానీ ఎనిమిదేళ్ల పిల్లాడిగా దాన్ని చదవకపోవడం నా బద్ధకం అని నేను ఒప్పుకోను. తెలంగాణలో నా ఈడువాళ్లు చాలామందిని కదిపి చూడు, ఇలాంటి కథే చెప్తారు, సభలో మాత్రం చెప్పరు.

చదవనివాటి చిట్టా తీస్తే మన ఇల్లూ ఊరూ బయటపడతాయి, దాన్ని దాచిపెట్టడం మనకే నష్టం. మా ఇంట్లో చందమామ కొనేవాళ్లు కాదు, ఎదురింట్లో కొనేవాళ్లు, వాళ్ల నలుగురు పిల్లలూ చదివాక నాకు వచ్చేది. 1947 జులైలో మద్రాసులో మొదలైన ఆ పత్రిక ఇక్కడ మా వాడకట్టు దాకా వచ్చి ఎంతమంది చేతులు మారేదో! సీరియల్లో ఒక నెల తప్పిపోతే ఆ భాగం ఇప్పటికీ తెలియదు. మా దోస్తు ఇంట్లో ఢిల్లీ నుంచి ‘ఖిలౌనా’ అనే ఉర్దూ పిల్లల పత్రిక వచ్చేది, వాడు చదివి వినిపిస్తే సగం అర్థమయ్యేది, మిగతా సగం నేను కల్పించుకునేవాణ్ణి. కోఠీలో విశాలాంధ్ర వాళ్ల దగ్గర సోవియట్ పుస్తకాలు, నున్నటి కాగితం మీద రంగుల బొమ్మలు, ధర చూస్తే నోట్‌బుక్కు కన్నా తక్కువ, అందుకే నా తరానికి లండన్ పిల్లల కన్నా మాస్కో పిల్లలు దగ్గర చుట్టాలు. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఎనిడ్ బ్లైటన్ మార్చుకునేవాళ్లు, మాకు ఆ పేరు పలకడం కూడా వచ్చేది కాదు. ఏడు చేపల కథ మాత్రం అందరికీ వచ్చు, దాన్ని పుస్తకంలో చదివినవాడు నాకైతే ఇంతవరకు తగల్లేదు. మరి అది చదివినట్టా, చదవనట్టా?

నీ చిట్టా వేరేగా ఉంటుంది. కూకట్‌పల్లిలో, ఇంగ్లీషు మీడియంలో, టీవీ ముందు పెరిగావు, తెలుగు పిల్లల పుస్తకాలు నీకు తెలియకపోతే అది నీ తప్పు కాదు, నీకు ఎవరూ ఇవ్వలేదు. అది అలాగే రాయి. పొద్దంతా కార్టూన్లు చూసి పెరిగిన పిల్లాడు కథ రాస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు, నీకు తెలుసు. నువ్వు పక్కవాళ్ల బాల్యం అరువు తెచ్చుకుని ‘చిన్నప్పుడు చందమామ కోసం వాకిట్లో ఎదురుచూసేవాణ్ణి’ అని రాస్తే (నీ బ్లర్బులో రాశావు, చూశాను) లెక్క తెలిసినవాళ్లకి నవ్వొస్తుంది.

అసలు భయపడాల్సింది చదవని పుస్తకాల గురించి కాదు. చదివాం అనుకునే పుస్తకాలున్నాయి చూడు, కొంప ముంచేవి అవే.

బేతాళ కథలనే తీసుకో. తెలుగువాడిగా పుట్టి విక్రమార్కుడు తెలియదనేవాడు ఉండడు. శవాన్ని భుజాన వేసుకుని, కత్తి పట్టుకుని శ్మశానంలో నడిచే రాజు, చందమామలో శంకర్ గీసిన ఆ బొమ్మ అందరి కళ్లలోనూ ఉంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది, చెప్తే మౌనం పోయి బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు, ఇదీ అందరికీ వచ్చు. మరి కథ ఎలా ముగుస్తుంది? ఎవరినైనా అడుగు. సంస్కృతంలో అది బేతాళ పంచవింశతి, అంటే ఇరవై ఐదు, లెక్క ఉన్న కథలు, వాటికి ముగింపు ఉంది. చివరి చిక్కు తండ్రీ కొడుకులది. తండ్రి ఒక కూతుర్నీ కొడుకు ఆమె తల్లినీ పెళ్లాడతారు, వాళ్లకి పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారని బేతాళుడు అడుగుతాడు. రాజుకి నిజంగానే జవాబు తెలియదు. తెలియదు కాబట్టి నోరు మెదపడు, మౌనం నిలుస్తుంది. అప్పుడు బేతాళుడు సంతోషించి, శవాన్ని తెమ్మన్న ఆ సన్యాసి నిన్నే బలివ్వబోతున్నాడు, జాగ్రత్త అని హెచ్చరిస్తాడు, రాజు ఆ సన్యాసిని చంపి బతుకుతాడు. అన్నిసార్లు తెలివిగా జవాబు చెప్పి చెట్టు దగ్గరికి తిరిగొచ్చినవాడు, తెలియకపోవడం వల్ల గెలిచాడు! చందమామలో ఆ పాత కథలు అయిపోయాక కొత్తవి కట్టుకుంటూ దశాబ్దాలు నడిపారు, కాబట్టి మనకు రాజు ఇంకా నడుస్తూనే ఉన్నాడు, ముగింపు మన దాకా రాలేదు. ఆ పత్రికని తప్పుపట్టడం లేదు, నెలనెలా ఒక కథ కావాల్సినవాడు రాజుని ఇంటికి ఎందుకు పంపుతాడు? కానీ బేతాళుడి మీద పేరడీ రాసే కుర్రాళ్లు నాకు ఏటా కథలు పంపుతారు, ఒక్కడికీ ఈ ముగింపు తెలియదు, తెలిస్తే ఎంత మంచి కథ అయ్యేదో అని నేను విసుక్కుంటాను.

పినోకియో కూడా అంతే. అబద్ధం చెప్తే ముక్కు పెరిగే బొమ్మ అని ఎల్‌కేజీ పిల్లలు కూడా చెప్తారు. కొలోడి రాసిన పుస్తకంలో, సలహా చెప్పబోయిన కీచురాయిని పినోకియో మొదట్లోనే సుత్తి విసిరి చంపేస్తాడు. 1881లో అది పిల్లల పత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు, దొంగలు పినోకియోని చెట్టుకి ఉరివేసిన దగ్గర కొలోడి కథ ముగించేశాడు కూడా, పాఠకులు ఊరుకోకపోతే మళ్లీ మొదలుపెట్టి పొడిగించాడు. 1940 నాటి డిస్నీ బొమ్మల సినిమా చూసి అదే పుస్తకం అనుకున్నవాళ్లకి ఈ రచయిత ఎంత కఠినుడో తెలియదు. గలివర్ అయితే మనకి నాన్-డిటైల్, అదీ పరీక్ష ముందు రోజు గైడులో. లిల్లీపుట్ వాళ్లు తాళ్లతో కట్టేయడం దాకా అందరికీ తెలుసు. రాణిగారి అంతఃపురానికి నిప్పంటుకుంటే గలివర్ దేనితో ఆర్పాడో పిల్లల పుస్తకాల్లో ఉండదు, వెళ్లి చూసుకో, నేను రాయను.

ఇంకో రకం మనుషులున్నారు, వాళ్ల జోలికి పోకు. ‘నేను ఎవర్నీ చదవనండి, చదివితే నా ఒరిజినాలిటీ పోతుంది’ అంటారు, అదేదో వ్రతం పట్టినట్టు. చదవలేదని చెప్పడం వేరు, చదవనని చాటుకోవడం వేరు. అలాంటివాళ్ల కథలు నా దగ్గరికి వచ్చినప్పుడు చూస్తాను కదా, ఎప్పుడో నూరేళ్ల క్రితం వేరేవాళ్లు రాసి పారేసిన ఆలోచనే ఉంటుంది, ఆయనకి మాత్రం అది నిన్న రాత్రి తట్టింది.

నక్క గురించి అడిగినావిడకి ఏం చెప్పాలని కదా నువ్వు అడిగింది. ‘చదవలేదండీ, చెప్పండి’ అను, అంతే. ఇష్టమైన పుస్తకం గురించి ఎదుటివాళ్లు తమంతట తాము చెప్పే అరగంట ఉంటుందే, దానికి మించిన వర్క్‌షాపు లేదు, ఎక్కడ గొంతు మారుతుందో, ఏ సంఘటన ముందు చెప్తారో, ఏది మర్చిపోతారో విను. పెద్దవాళ్లకి గుర్తుండిపోయేది కథ మొత్తం కాదు, ఏదో ఒక చోటు. పిల్లల కోసం రాసేవాడికి ఆ చోటు ఎక్కడ పడుతుందో తెలియాలి.

తర్వాత పుస్తకం తెచ్చుకో, తొందరేం లేదు. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంగ్లీషువి దొరుకుతాయి, అడిగిన ధరకి కొనకు. తెలుగువి అయితే తార్నాకలో మంచి పుస్తకం వాళ్లు పాత సోవియట్ పిల్లల పుస్తకాల్లో కొన్ని మళ్లీ వేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ‘రైలుబడి’ తప్పకుండా చదువు, జపాన్ బడి కథ, మీ అబ్బాయిని బడిలో వేసేలోపు చదివితే ఇంకా మంచిది. చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లు, అక్కడ పోటీ పరీక్షల వాళ్ల మధ్య పిల్లల పుస్తకం తెరిచి కూర్చుంటే వింతగా చూస్తారు, చూడనీ. ఒకటి మాత్రం ఆశించకు. ముప్పై ఏళ్లకి చదివితే ఎనిమిదేళ్లప్పుడు కలగాల్సింది కలగదు. కొన్ని పుస్తకాలకి మన వయసు దాటిపోయింది, నాకు ఆలిస్ దాటిపోయినట్టు. వాటిని జాబితా పూర్తిచేయడం కోసం చదివి ఆనందించినట్టు నటించడం కూడా అబద్ధమే.

ఇప్పుడు నీ కథ. అడవిలో తప్పిపోయిన పిల్లాడు, వాణ్ణి కొండచిలువ కళ్లతో మాయ చేసి మింగబోవడం. ఆ కొండచిలువ 1967 నాటి డిస్నీ ‘జంగిల్ బుక్’ సినిమాలోది తమ్ముడూ, నీది కాదు. కిప్లింగ్ 1894లో రాసిన ‘జంగిల్ బుక్’లో కా అనే కొండచిలువ మోగ్లీకి దోస్తు, కోతులు ఎత్తుకుపోయిన పిల్లాణ్ణి విడిపించడానికి వచ్చినవాళ్లలో అదొకటి. మాయ చేసేది నిజమే, కానీ మోగ్లీని కాదు, కోతుల్ని. ఆకలి నాట్యం అని ఒకటి చేస్తుంది, కోతులు తమంతట తామే అడుగు అడుగూ వేసుకుంటూ దాని నోటి దగ్గరికి వస్తాయి, పక్కనున్న ఎలుగుబంటి, చిరుతపులి కూడా కదిలిపోతాయి, మోగ్లీ వాటిని ఆపుతాడు. పిల్లాడికి మాత్రం ఏమీ అనిపించదు, పెద్ద పాము ఏదో పిచ్చిగా గుండ్రంగా తిరుగుతోంది అనుకుంటాడు. స్నేహితుడే అంత భయంకరమైనవాడని చూపించడం, పిల్లాడికి అది తెలియకపోవడం, ఎంత బరువైన సంగతి! సినిమా దాన్ని ఒక విలన్‌గా చేసి వదిలేసింది, నువ్వు ఆ విలన్‌నే తెచ్చి నల్లమలలో పెట్టావు.

ఆ ఒక్క కథ చదువు, పుస్తకం మొత్తం చదవకపోయినా పర్లేదు. చదివాక కూడా నీ పాముని అలాగే ఉంచాలనిపిస్తే ఉంచు, కానీ తెలిసి ఉంచు. నాలుగో పేజీలో చెంచు తాత మాట్లాడే భాష ఎక్కడిదో నాకు అర్థం కాలేదు, అది కూడా ఏదో టీవీ సీరియల్‌లోదే అనిపించింది, శ్రీశైలం వైపు ఎవరైనా తెలిసినవాళ్లుంటే వెళ్లి వాళ్ల మాట విను, లేకపోతే ఆ తాతని తీసెయ్. ముంగిస వచ్చే చోటు బాగుంది, దాన్ని ముట్టుకోకు. నిడివి సగానికి తగ్గించి నెలాఖరులోపు పంపు, ఫాంట్ కొంచెం పెద్దది పెట్టు, నా కళ్లద్దాలు మార్చాలి.