బిడ్డా, ముందు వెలుతురు దారి చూడు

బిడ్డా,

సైన్స్ ఫెయిర్‌లో వస్తువును మాయం చేసి చూపిస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్తే ఎంత సంబురమైందో! ముప్పై ఏండ్లు బడిలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి కదా, మోడల్ మొదలుపెట్టకముందే నీకీ నాలుగు ముచ్చట్లు రాయాలనిపించింది.

వస్తువు ఎక్కడికీ పోదు. దాని వెనక నుంచి వచ్చే వెలుతురు దాన్ని తాకకుండా తప్పుకొని, మళ్ళీ తన పాత దారిలోనే కంటికి చేరాలి. అంతే. కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గం దగ్గర ఒకసారి నిలబడు. పడుగులో వేలు దూరిస్తే పోగులు రెండు దిక్కులా వంగి, వేలు దాటాక మళ్ళీ దగ్గరవుతాయి. 2006లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో డేవిడ్ షూరిగ్, డేవిడ్ స్మిత్ వాళ్ళు మైక్రోవేవ్‌లను, అంటే వెలుతురు లాంటివే కానీ కంటికి కనిపించని తరంగాలను, అట్లాగే ఒక గుండ్రటి రాగి స్తూపం (సిలిండర్) చుట్టూ వంచారు. ఆ లెక్క వెనక ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ పెండ్రీ ఉన్నాడు. స్తూపం పూర్తిగా మాయం కాలేదు, దాని నీడ బాగా తగ్గింది. ఆ తరంగం పొడవు మూడున్నర సెంటీమీటర్లు, కాబట్టి మిల్లీమీటర్ల సైజు రాగి ముక్కలతో పని జరిగింది. మన కంటి వెలుతురు తరంగం 400 నుంచి 700 నానోమీటర్లే (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు), దానికి ఇంకా ఎంతో చిన్న ముక్కలు కావాలి. బడిలో ఆ దారి పట్టకు.

నువ్వు నాలుగు కటకాలతో (లెన్సులతో) చెయ్యి. 2014లో రోచెస్టర్ యూనివర్సిటీలో జోసెఫ్ చోయ్, జాన్ హోవెల్ చూపించిన పద్ధతి అది. నాభ్యంతరం అంటే దూరం నుంచి వచ్చే వెలుతురును కటకం ఒక చోటికి చేర్చే దూరం. అది 20 సెం.మీ. ఉన్న కుంభాకార (నడుమ ఉబ్బెత్తుగా ఉండే) కటకాలు రెండు, 10 సెం.మీ.వి రెండు తీసుకో. 20 సెం.మీ.వి రెండు చివరల్లో, 10 సెం.మీ.వి లోపల. వాటి మధ్య దూరాలు వరసగా 30, 60, 30 సెం.మీ. కటకం కవరు మీద రాసిన అంకె నమ్మకు. కిటికీ అవతలి దూరపు చెట్టు బొమ్మ గోడ మీద స్పష్టంగా పడేలా చేసి, కటకం నుంచి గోడ దాకా స్కేలుతో కొలువు. తేడా వస్తే లెక్క మళ్ళీ కట్టు: చివరి దూరాలు రెండు నాభ్యంతరాల మొత్తం, నడిమి దూరం ఆ మొత్తాన్ని చిన్న నాభ్యంతరానికి రెట్టింపుతో గుణించి, రెండింటి తేడాతో భాగిస్తే వస్తుంది.

కటకాల నడిబొడ్డులన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. అందరూ తప్పేది ఇక్కడే, పైలం. వెనక వేయిస్తంభాల గుడి ఫోటో పెట్టు. స్తంభం వంకరగానో చిన్నగానో కనిపిస్తే దూరం తప్పినట్టు. ఒంటికన్నుతో నేరుగా చూస్తూ, వెలుతురు సన్నబడే చోట వేలును పక్కనుంచి మెల్లగా తీసుకురా. వేలు మాయమై గుడి నిలుస్తుంది. నట్టనడుమకు వస్తే మాత్రం వేలు కనిపిస్తుంది. దాగే జాగా చుట్టూ వలయంలాగే ఉంటుంది, నడుమ కాదు. జడ్జీలు అడగకముందే నువ్వే చెప్పు.

చిన్నపిల్లల కోసం పక్కన గ్లిజరిన్ బీకరు పెట్టు. ఒక ఏడు నేను మామూలు చాయ్ గ్లాసు ముంచి, అంచులు కనిపిస్తుంటే పిల్లల ముందు మాట రాక నిలబడ్డాను. ఆ గాజు వక్రీభవన గుణకం, అంటే వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.52, గ్లిజరిన్‌ది 1.47. బోరోసిలికేట్ (ల్యాబుల్లో వాడే వేడి తట్టుకునే గాజు) పరీక్షనాళికది కూడా 1.47, అందుకే అది మాయమవుతుంది. నాళిక లోపలా గ్లిజరిన్ నిండాలి. అంచు వెంట మెల్లగా పోసి, బుడగలు పోయేదాకా ఆగు. గ్లిజరిన్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, సీసా మూత తీసిపెట్టకు.

20 సెం.మీ. కటకాలు నా దగ్గర రెండున్నాయి, ఆదివారం వచ్చి తీసుకుపో.

మీ తాత,
హనుమకొండ