చిట్టీ, ఆ సాకెట్టు డబ్బాలోనే ఉండనీ

చిట్టీ,

నీ కారు ఇంజన్‌లో మిస్సింగ్ వస్తోందనీ, అంటే సిలిండరులో పెట్రోలు సరిగ్గా మండడం లేదనీ, ఆదివారం నువ్వే నిప్పురవ్వ రాజేసే ప్లగ్గులు విప్పి చూస్తానంటున్నావనీ నిన్న రాత్రి మీ నాన్న ఫోనులో చెప్పాడు. ప్లగ్గు విప్పే సాకెట్టూ, లోపాల కోడులు చదివే చిన్న స్కానరూ తెప్పించుకున్నావట. మన ఇంట్లో నా తరవాత పానా పట్టిన వాళ్లు ఎవరూ లేరు. మీ పెద్దమ్మకు ఆ మాట రెండుసార్లు చెప్పుకుని మురిసిపోయాను. ఆ తరవాత పడుకుంటే నిద్ర పట్టలేదు. తెల్లవారుజామునే లేచి ఇది రాస్తున్నాను.

నీ బండికి పద్నాలుగు నెలలు. వారంటీ ఇంకా ఉంది. కాబట్టి బానెట్ కింద నీ చెయ్యి పడకూడదు.

స్కానరు వాడుకో, అభ్యంతరం లేదు. స్టీరింగ్ కింద గుచ్చి చదువు. పీ0300 అని వస్తే మిస్సింగ్ ఏదో ఒక్క సిలిండరుకే పరిమితమై లేదని అర్థం. పీ0302 అంటే రెండో సిలిండరు, పీ0303 అంటే మూడోది. ఫొటో తీసుకుని ఊరుకో. కోడు చెరిపేసే మీట ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కావో, ఇక్కడినుంచే చెవి మెలేస్తాను. లోపం వచ్చిన క్షణంలో ఇంజన్ ఎంత వేడిగా ఉందో, ఎంత వేగంతో తిరుగుతోందో కంప్యూటరు రాసి పెట్టుకుంటుంది. కోడుతో పాటు అదీ చెరిగిపోతుంది. అప్పుడు సర్వీస్ సెంటర్లో ‘ఏమీ కనబడలేదండీ’ అని బండి కడిగి చేతిలో పెడతారు.

సర్వీస్ సెంటర్ వాళ్లు నీ ఫిర్యాదు రాసుకునే జాబ్ కార్డు మీద ‘ఇంజన్ సమస్య’ అని రెండు ముక్కలు గిలికితే సంతకం చెయ్యకు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వస్తోందా, ఏసీ వేస్తే వస్తోందా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడా, అన్నీ నీ మాటల్లోనే రాయించి నకలు తీసుకో. అదే జబ్బు తిరగబెడితే మళ్లీ కార్డు రాయించు. గడువు దాటాక నీ తరఫున మాట్లాడేవి ఆ కాగితాలే. రెండో సిలిండరు కోడు వచ్చి, ప్లగ్గుకు కరెంటు అందించే కాయిలు మీద అనుమానముంటే, ఆ కాయిలు మూడోదానికి మార్చి చూడమను. కోడు కూడా మూడోదానికి జరిగితే దొంగ దొరికినట్టే. ఆ పని వాళ్ల చేతే చేయించి పక్కన నిలబడి చూడు. తప్పు పెట్రోలు మీదికి నెడతారేమో, దాని బిల్లులు దాచుకో. ఎలుకలు వైర్లు కొరికితే మాత్రం వారంటీ ఇవ్వరు. మీ సెల్లారులో ఎలుకల్ని నేను స్వయంగా చూశాను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ సంగతి మీ నాన్న నీకు చెప్పి ఉండడు. 2006లో, నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు, మీకొక తెల్ల కారు ఉండేది, గుర్తుందా? మీ నాన్న అప్పు చేసి కొన్న మొదటి బండి అది. రెండేళ్ల వారంటీలో ఏడాదే గడిచింది. గుడివాడలో పెళ్లి చూసుకుని వస్తుంటే మిస్సింగ్ మొదలైంది. సోమవారం సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తానన్నాడు. ‘ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న అన్న ఉండగా సోమవారం దాకా ఎందుకురా?’ అన్నాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. బండి అప్పుడే నలభై కిలోమీటర్లు నడిచి వచ్చింది. వేపచెట్టు కింద ఆపించి బానెట్ ఎత్తాను. చుట్టూ మన వాకిట్లో పిల్లలు, పెళ్లి నుంచి వచ్చిన చుట్టాలు. రెండు ప్లగ్గులు వచ్చాయి. మూడోది బిగుసుకుంది. ఇంజన్ చల్లారాకే ప్లగ్గు విప్పాలని నా షెడ్డులో కుర్రవాళ్లకు రోజూ చెప్పేవాణ్ణి నేనే. అందరూ చూస్తున్నారు కదా! ఇంకా బలం అందాలని పానాకు పైపు తొడిగి తిప్పాను. కిర్రుమని ఒక చప్పుడు, ఆ వెంటనే చేతికి వెన్నలా తేలిక. ఆ తేలిక ఏమిటో నా చేతికి తెలుసు. ప్లగ్గు బయటికి తీస్తే దాని మరలకు తళతళలాడే అల్యూమినియం పోగులు చుట్టుకుని ఉన్నాయి. హెడ్డులోని, అంటే ఇంజన్ పైభాగంలోని, మరలు ప్లగ్గుతో పాటే ఊడి వచ్చాయి. కొత్త ప్లగ్గు పెడితే బిగియకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

సోమవారం వాళ్లు ఫొటో తీసి, ‘బయట పని జరిగింది’ అని కార్డు మీద రాశారు. తప్పు వాళ్లది కాదు. హెడ్డు దించి, లేత్ షాపులో కొత్త మరల బుష్షు వేయించి, కొత్త గ్యాస్కెట్ వేసేసరికి పది రోజులు పట్టింది. అసలు లోపం ఏమిటో తెలుసా? ప్లగ్గులన్నీ నిక్షేపంలా ఉన్నాయి. కాయిలు మీద వెంట్రుకవాసి పగులు! అడిగితే పైసా తీసుకోకుండా మార్చేవాళ్లు. గ్యాస్కెట్ డబ్బులు మీ నాన్న నన్ను ఇవ్వనివ్వలేదు, ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది. ఆ బండి అమ్మేదాకా వాడు స్టార్ట్ చేసినప్పుడల్లా నా చెవి మూడో సిలిండరు మీదే ఉండేది.

ఇంకొక్క సంగతి. సంక్రాంతికి ఆ బండిలోనే వస్తానన్నావట. ఇంజన్ దీపం నిలకడగా వెలుగుతుంటే మెల్లగా సర్వీస్ సెంటర్ దాకా వెళ్లవచ్చు. అది ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం పక్కకు తీసి ఆపెయ్యి. కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, అది ఎర్రగా కాలిపోతుంది. సూర్యాపేట దాటాక ఆ రోజుల్లో రోడ్డు పక్కన వరిగడ్డి పడి ఉంటుంది. దాని మీద బండి ఆపకు తల్లీ, ఆ వేడికి అంటుకుంటుంది. మీ పెద్దమ్మ నవ్వుతోంది, నవ్వనీ. రాత్రి నన్ను నిద్ర పోనివ్వనిది ఆ గడ్డే. టోయింగ్ బండిని పిలిపించుకుని నువ్వు బస్సెక్కి రా.

వచ్చేటప్పుడు ఆ సాకెట్టు సంచిలో వేసుకో. నా పాత బండికి వారంటీ పోయి పదేళ్లయింది. భోగి మర్నాడు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, దాని ప్లగ్గులు నాలుగూ నీ చేతే విప్పిస్తాను. పైపు మాత్రం తేవద్దు.

మీ పెదనాన్న